హెర్మన్ గుండర్ట్ జీవితం, రచనలు: మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

గుండర్ట్ పేరు ఎప్పుడు కదిపినా అవే డౌట్లు వస్తాయి. జర్మన్ నవలా రచయిత హెర్మన్ హెస్సేకి తాత అంట నిజమేనా, చిత్తూరులో ఉన్నాడంట కదా, మతం మార్చడానికి వచ్చిన మనిషిని ఎందుకు మోస్తున్నారు, ఆ డిక్షనరీ ఎక్కడ దొరుకుతుంది... ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే కంటే అన్నీ ఒకచోట పెడితే మేలని ఇది రాస్తున్నా. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు, దేని జవాబు దానికే ఉంటుంది.

## ముందుగా

అసలు ఎవరీ గుండర్ట్? టూకీగా చెప్పండి

జర్మనీలో 1814 ఫిబ్రవరి 4న స్టుట్‌గార్ట్‌లో పుట్టి, 1836లో ఇండియా వచ్చి, దాదాపు 23 ఏళ్ళు ఇక్కడ ఉండి, అందులో ఎక్కువ కాలం ఉత్తర కేరళలోని తలశ్శేరి చుట్టుపక్కల గడిపిన ప్రొటెస్టెంట్ మిషనరీ. మలయాళానికి వ్యాకరణం, డిక్షనరీ, తొలి పత్రిక, స్కూలు పుస్తకాలు, బైబిల్ అనువాదం ఇన్నిట్లోనూ ఆయన చెయ్యి ఉంది. 1893 ఏప్రిల్ 25న జర్మనీలోనే కాల్వ్ అనే చిన్న ఊళ్ళో చనిపోయాడు.

మతం మార్చడానికి వచ్చినవాడే కదా, అంత గొప్పగా చెప్పుకోవడం ఎందుకు?

మత ప్రచారానికే వచ్చాడు, ఆయన అది ఎక్కడా దాచలేదు, మనం దాచాల్సిన పనీ లేదు. ఆయన నడిపిన రాజ్యసమాచారం పత్రిక మొత్తం క్రైస్తవ ప్రచారమే. నళచరిత సారశోధన అని నలదమయంతుల కథను ఆధారం చేసుకుని హిందూ నమ్మకాలను విమర్శించే పుస్తకం కూడా రాసాడు, అది ఇవాళ చదివినా కొందరికి కోపం వస్తుంది, ఆ కోపంలో న్యాయం ఉంది కూడా.

కానీ అదే మనిషి పరశురాముడు సముద్రంలోంచి కేరళను తీసాడనే కథ ఉన్న కేరళోల్పత్తిని జాగ్రత్తగా సంపాదించి అచ్చు వేయించాడు, తను నమ్మని పాటల్ని, సామెతల్ని, ఆచారాల మాటల్ని ఉన్నవి ఉన్నట్టు రాసిపెట్టుకున్నాడు. జనంతో మాట్లాడాలంటే జనం ఎలా మాట్లాడతారో వినాలి కదా, ప్రచారం కోసం మొదలైన ఆ వినడమే ఆయన్ని పండితుణ్ణి చేసింది అని నా అభిప్రాయం. అందుకే ఒక సగాన్ని పొగిడి ఇంకో సగాన్ని దాచేసేవాళ్ళతోనూ, ఒక సగాన్ని తిట్టి రెండోదాన్ని చూడనివాళ్ళతోనూ నేను ఒప్పుకోను. మనిషిని మొత్తంగా చదవాలి.

గుండర్ట్, కిట్టెల్ ఒకరేనా?

కాదు. ఫెర్డినాండ్ కిట్టెల్ కన్నడ నిఘంటువు చేసినాయన, 1832లో పుట్టాడు, ఆ నిఘంటువు 1894లో వచ్చింది. గుండర్ట్ ఆయన కంటే ఒక తరం ముందువాడు, పని చేసింది మలయాళంలో. ఇద్దరూ జర్మన్లే, ఇద్దరూ బాసెల్ మిషన్ (స్విట్జర్లాండులోని బాసెల్ కేంద్రంగా నడిచిన ప్రొటెస్టెంట్ ప్రచార సంస్థ) వాళ్ళే, ఇద్దరి పుస్తకాలూ మంగళూరులో ఆ మిషన్ నడిపిన ప్రెస్సు నుంచే వచ్చాయి కాబట్టి కలిపేస్తుంటారు. ఆ మిషన్ వాళ్ళే 1865లో మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు, మన పాత ఇళ్ళ మీద కనిపించే ఎర్రటి మిషన్ పెంకులకి మూలం అక్కడే.

## చదువుకున్న రోజులు

చిన్నప్పటి నుంచే మిషనరీ అవ్వాలనుకున్నాడా?

ఇంట్లో వాతావరణం భక్తిదే, తండ్రి లుడ్విగ్ బైబిల్ సొసైటీ పనుల్లో ఉండేవాడు. కానీ కుర్రాడికి చదువు మీద ఉన్నంత ఇంట్రెస్ట్ భక్తి మీద ఉండేది కాదు. మౌల్‌బ్రోన్ అనే పాత మఠంలో నడిచే స్కూల్లో చేరాడు, అక్కడ గ్రీకు, లాటిన్, హీబ్రూ గట్టిగా పట్టించేవాళ్ళు. అక్కడా తర్వాత ట్యూబింగెన్ యూనివర్సిటీలోనూ డేవిడ్ ఫ్రెడరిక్ స్ట్రౌస్ ఆయనకి టీచర్, ఈ స్ట్రౌసే 1835లో ఏసు జీవితం మీద పుస్తకం రాసి, సువార్తల్లో చాలా భాగం పురాణ కల్పన అని వాదించి యూరప్ మొత్తం గొడవ రేపాడు. ఆయన ప్రభావం, హెగెల్ అనే జర్మన్ తత్వవేత్త ప్రభావం గుండర్ట్ మీద బాగా ఉండి, విశ్వాసం సడలి, మళ్ళీ 1833 ప్రాంతంలో మనసు మారి మతం వైపు తిరిగాడు. 1835లో డాక్టరేట్ తీసుకున్నాడు, అప్పటికి 21 ఏళ్ళు.

నాకు ఇది ముఖ్యం అనిపిస్తుంది ఎందుకంటే ఒక పాత పుస్తకాన్ని ముక్కలు ముక్కలుగా విప్పి, ఏది ఎప్పటిది, ఏది తర్వాత చేరింది అని పరిశీలించే పద్ధతి ఆయనకి ఆ క్లాసుల్లోనే అలవాటయింది, విశ్వాసం తిరిగొచ్చినా ఆ అలవాటు పోలేదు, తర్వాత రాగి శాసనాల మీదా తాటాకుల మీదా పనికొచ్చింది.

ఇండియాకి బాసెల్ మిషనే పంపిందా?

లేదు, చాలామంది ఇదే అనుకుంటారు. ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అని ఇంగ్లండులో పళ్ళ డాక్టరుగా పనిచేసి అది వదిలేసి బాగ్దాద్ వరకు వెళ్ళి ప్రచారం చేసిన మనిషి ఉన్నాడు, ఏ సంస్థ జీతం లేకుండా దేవుణ్ణి నమ్ముకుని పని చేయాలనే పద్ధతి ఆయనది. తన పిల్లలకి చదువు చెప్పడానికి ఒక ట్యూటర్ కావాలని వెతుకుతుంటే గుండర్ట్ దొరికాడు. అలా ట్యూటర్‌గా ఓడ ఎక్కి 1836 జూలైలో మద్రాసులో దిగాడు. బాసెల్ మిషన్‌లో చేరింది రెండేళ్ళ తర్వాత, ఇండియాలో ఉండగానే.

## మద్రాసు, చిత్తూరు

ఆయనకి తెలుగు వచ్చా?

నేర్చుకున్నాడు. ఓడలో మూడు నెలలకి పైగా ప్రయాణం కదా, ఆ టైమంతా బెంగాలీ, హిందుస్తానీ, తెలుగు పుస్తకాలు ముందేసుకుని తను నేర్చుకుంటూ తోటివాళ్ళకి చెప్తూ వచ్చాడు. మద్రాసులో దిగాక తమిళం అవసరం ఎక్కువై దాని మీద పడ్డాడు, తెలుగులో ఆయన పుస్తకం రాసిన దాఖలా ఏమీ లేదు కాబట్టి తెలుగు పండితుడు అని మాత్రం అనలేం. అయితే ఆ తెలుగు వృథా పోలేదు, మలయాళ డిక్షనరీలో ఒక మాటకి తమిళం, కన్నడం, తుళుతో పాటు తెలుగు రూపం కూడా చూపిస్తూ వెళ్తాడు, తెలుగువాళ్ళం మనం ఆ పుస్తకం తిరగేస్తుంటే పేజీ పేజీకి తెలిసిన మొహాలు కనిపిస్తుంటాయి.

చిత్తూరుతో సంబంధం ఏంటి? మన చిత్తూరేనా?

మన చిత్తూరే. అప్పట్లో అది మద్రాసు ప్రెసిడెన్సీలో ఉత్తర ఆర్కాటు జిల్లాకి హెడ్‌క్వార్టర్స్, తమిళం తెలుగు రెండూ వినపడే ఊరు. గుండర్ట్ మొదట కొన్నాళ్ళు తిరునల్వేలిలో కార్ల్ రేనియస్ అనే జర్మన్ మిషనరీ దగ్గర ఉన్నాడు, రేనియస్ తమిళంలో చాలా పెద్ద చెయ్యి. గ్రోవ్స్ బృందం చిత్తూరులో మకాం పెట్టాక 1837లో ఇక్కడికి వచ్చి స్కూలు పని, ప్రచారం పని చూసాడు. ఏడాది పైచిలుకు అంతే. కానీ పెళ్ళి జరిగింది చిత్తూరులోనే, 1838 జూలైలో. చిత్తూరు వాళ్ళలోనే ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ, స్థానిక చరిత్ర రాసేవాళ్ళు ఎవరైనా దీని మీద పనిచేస్తే బాగుండు.

భార్య ఎవరు? ఆమె గురించి ఎక్కడా రాయరేంటి?

జూలీ డ్యుబోయ్, స్విట్జర్లాండులో ఫ్రెంచి మాట్లాడే ప్రాంతం ఆమెది, గ్రోవ్స్ బృందంతోనే ఇండియా వచ్చింది. గుండర్ట్ కంటే వయసులో పెద్దది. తలశ్శేరిలో ఆడపిల్లలకి చదువు చెప్పే పని ఆమె భుజం మీదే నడిచింది, హాస్టల్ పెట్టి పిల్లల్ని దగ్గర ఉంచుకుని మరీ చదివించింది. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో ఆడపిల్లల బడి అంటే మామూలు విషయం కాదు. తన కన్నబిడ్డల్ని మాత్రం చదువుల కోసం చిన్న వయసులోనే యూరప్‌లో వదిలి రావాల్సి వచ్చింది, కూతురు మేరీని అలా వదిలితే మళ్ళీ తల్లిదండ్రుల దగ్గరికి ఆ పిల్ల 1857లో 15 ఏళ్ళ వయసులో వచ్చింది. గుండర్ట్ గురించి రాసే ప్రతి పేజీలో జూలీకి ఒక లైను ఇచ్చి వదిలేయడం నాకు నచ్చదు. ఆ ఇల్లు, ఆ బడి ఆమె నిలబెట్టకపోతే ఆయనకి రోజంతా పుస్తకాల ముందు కూర్చునే వీలు ఎక్కడిది?

## తలశ్శేరి, మలబారు

తమిళం మీద ఉన్న మనిషి మలయాళానికి ఎలా వెళ్ళాడు?

మంగళూరులో బాసెల్ మిషన్ 1834 నుంచే పనిచేస్తోంది, అక్కడ హెర్మన్ మోగ్లింగ్ అని గుండర్ట్‌కి పాత స్నేహితుడు ఉన్నాడు (1843లో తొలి కన్నడ పత్రిక మంగళూరు సమాచార మొదలుపెట్టింది ఈయనే). పెళ్ళయిన కొన్ని నెలలకి 1838 నవంబర్‌లో దంపతులిద్దరూ మంగళూరు చేరి ఆ మిషన్‌లో కలిసారు. తలశ్శేరి దగ్గర ఇల్లిక్కున్ను అనే గుట్ట మీద ఉన్న తన బంగళాని స్ట్రేంజ్ అనే ఇంగ్లీషు జడ్జి మిషన్‌కి ఇచ్చేసాడు, అక్కడ కొత్త కేంద్రం పెట్టాలి కాబట్టి 1839 ఏప్రిల్‌లో గుండర్ట్‌ని పంపారు. ఆ బంగళాలోనే పదేళ్ళు గడిచాయి, తర్వాత 1849లో కణ్ణూరు దగ్గరి చిరక్కల్‌కి మారాడు.

మలయాళం ఎవరి దగ్గర నేర్చుకున్నాడు?

తలశ్శేరి దగ్గర చొక్లి ఊరి వాళ్ళు, ఊరాచ్చేరి గురువులని అన్నదమ్ములు, వాళ్ళ దగ్గర మలయాళం సంస్కృతం నేర్చుకున్నాడు. కేరళలో ఈ గురువుల పేరు ఇప్పటికీ గౌరవంగా చెప్పుకుంటారు, మనమూ చెప్పుకోవాలి, ఎందుకంటే విదేశీయుడు ఒక్కడే కూర్చుని ఇంత చేసాడు అన్నట్టు కథలు తయారవుతుంటాయి, వెనక మాట చెప్పినవాళ్ళు, ఓలలు (రాత తాటాకులు) తెచ్చిచ్చినవాళ్ళు, పాటలు పాడి వినిపించినవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. ఆయన విన్నది పండితుల దగ్గర మాత్రమే కాదు, అన్ని కులాల, అన్ని వృత్తుల వాళ్ళ నోట విన్న మాటలు రాసుకున్నాడు, ఇంకా మలబారులోని మాప్పిళ ముస్లింల వాడుక మాటలు కూడా.

మొదటి మలయాళ పత్రిక ఆయనదేనా?

అవును, 1847 జూన్‌లో వచ్చిన రాజ్యసమాచారాన్ని మలయాళంలో తొలి పత్రికగా లెక్కేస్తారు. ఇల్లిక్కున్నులో రాతి అచ్చు, అంటే లిథో ప్రెస్సు మీద వేసేవాళ్ళు, 1850 చివరి వరకు నడిచింది. మనం అనుకునే న్యూస్‌పేపర్ లాంటిది కాదు, అంతా మత విషయాలే. అదే ఏడాది అక్టోబర్‌లో పశ్చిమోదయం వచ్చింది, అది వేరే రకం: భూగోళం, ఖగోళం, సైన్సు, చరిత్ర. దాని సంపాదకుడు ముల్లర్ అనే ఇంకో మిషనరీ. నన్నడిగితే పాఠకుడికి ఎక్కువ మేలు చేసింది రెండోదే.

గవర్నమెంట్ ఉద్యోగం కూడా చేసాడంటారు, నిజమేనా?

నిజమే. 1857లో మలబారు, కెనరా జిల్లాలకి స్కూళ్ళ ఇన్‌స్పెక్టర్‌గా వేసారు. ఊళ్ళు తిరిగి బళ్ళు చూడటం, పాఠ్యపుస్తకాలు తయారుచేయడం పని.

## రచనలు

డిక్షనరీలో అంత గొప్పేముంది? అంతకుముందు లేవా?

ఉన్నాయి. కొట్టాయంలో బెంజమిన్ బెయిలీ అనే ఇంగ్లీషు మిషనరీ 1846లో మలయాళం-ఇంగ్లీషు డిక్షనరీ వేసాడు. గుండర్ట్ డిక్షనరీ 1872లో మంగళూరులో అచ్చయింది, 1100 పేజీలకి పైనే.

తేడా ఎక్కడంటే, ముందు వచ్చినవాటిలో సంస్కృతం మాటల బరువు ఎక్కువ. సంస్కృత కోశం చూసి మాటలు ఎత్తి రాసేస్తే డిక్షనరీ లావుగా తయారవుతుంది గానీ అందులో ఆ జనం నోటి మాట ఉండదు. గుండర్ట్ నిజంగా వాడుకలో కనిపించిన మాటలకి చోటిచ్చాడు, ఆ మాట ఏ కావ్యంలో ఉంది, ఏ పాటలో ఉంది, ఏ పాత దస్తావేజులో ఉంది, ఉత్తర మలబారులో అంటారా, పాలక్కాడు వైపు అంటారా, తిరువితాంకూరు (ట్రావన్‌కోర్) వైపు అంటారా అనేది పక్కనే గుర్తు పెట్టాడు. అరబీ నుంచి వచ్చిందా పోర్చుగీసు నుంచి వచ్చిందా అనేది చెప్పాడు. సొంత ద్రావిడ మాట అయితే తమిళం, కన్నడం, తెలుగు, తుళు రూపాలు ఇచ్చాడు. ఇవన్నీ ఒక మనిషి కంప్యూటర్ లేకుండా, ముందు ఇండియాలో చీటీల మీద పోగేసి, తర్వాత ఆరోగ్యం బాగోక జర్మనీలో కూర్చుని వరసలో పెట్టి, మంగళూరు ప్రెస్సుకి పంపి చేసిన పని.

తర్వాతి కాలంలో బరో, ఎమెనో అనే భాషా శాస్త్రవేత్తలు ఇద్దరూ ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువు (మొదటి కూర్పు 1961) చేసినప్పుడు మలయాళానికి ప్రధానంగా ఆధారపడింది గుండర్ట్ మీదే. వందేళ్ళ తర్వాత కూడా స్పెషలిస్టులు నమ్మి వాడుకున్నారంటే పని ఎంత గట్టిదో అర్థం చేసుకోండి.

వ్యాకరణం ఎవరికోసం రాసాడు, తెల్లవాళ్ళ కోసమా?

కాదు, మలయాళీల కోసం మలయాళంలోనే రాసాడు. మలయాళ భాషా వ్యాకరణం 1851లో మొదటిసారి వచ్చింది, పెంచి రాసిన కూర్పు 1868లో. అంతకుముందు డ్రమండ్ 1799లో, పీట్ 1841లో రాసినవి ఇంగ్లీషులో ఉండేవి, పరాయివాళ్ళు నేర్చుకోవడానికి. ఈయన పుస్తకంలో అక్షరకాండం, పదకాండం, వాక్యకాండం అని భాగాలు, సూత్రం చెప్పాక ఉదాహరణ సొంతంగా అల్లకుండా పాత కావ్యాల నుంచి, సామెతల నుంచి తెచ్చి చూపిస్తాడు.

బైబిల్ మొత్తం ఆయనే మలయాళంలోకి తెచ్చాడా?

మొత్తం బైబిల్ ముందే వచ్చింది, బెయిలీ అనువాదం 1841 నాటికి పూర్తయింది. కానీ అది దక్షిణ కేరళ మలయాళం. గుండర్ట్ మూల భాషలైన గ్రీకు, హీబ్రూల నుంచి నేరుగా మళ్ళీ చేసుకుంటూ వచ్చాడు, కొత్త నిబంధన 1868లో వచ్చింది, పాత నిబంధనలో కీర్తనల లాంటి భాగాలు, ప్రవక్తల గ్రంథాలు తర్వాత చేసాడు.

చరిత్ర మీద కూడా రాసాడా?

చాలా చేసాడు, మలయాళం బయట దీన్ని తక్కువ పట్టించుకుంటారు. కేరళోల్పత్తిని 1843లో మంగళూరులో అచ్చు వేయించాడు. 1844లో మద్రాసు నుంచి వచ్చే పరిశోధన పత్రికలో సిరియన్ క్రైస్తవుల దగ్గర, యూదుల దగ్గర ఉన్న పాత రాగి శాసనాలు చదివి అనువాదంతో సహా వివరించాడు, కేరళ మధ్యయుగ చరిత్రకి ఆ శాసనాలు ఎంత కీలకమో చరిత్ర చదివేవాళ్ళకి చెప్పక్కర్లేదు. పోర్చుగీసులు వచ్చిన 1498 నుంచి కొన్ని దశాబ్దాల కథని కేరళ పళమ అని రాసాడు, 1868లో పుస్తకంగా వచ్చింది. వెయ్యి సామెతలు పోగేసి వేసాడు.

సంస్కృతంలో ద్రావిడ పదాలు ఉన్నాయని చెప్పింది కాల్డ్‌వెల్ కదా?

తమిళ ప్రాంతంలో పనిచేసిన మిషనరీ రాబర్ట్ కాల్డ్‌వెల్ తన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం 1856లో వేసాడు, అందులో ఈ చర్చ ఉంది. కానీ గుండర్ట్ 1869లో జర్మన్ ప్రాచ్య పరిశోధన పత్రికలో దీనిమీదే ప్రత్యేకంగా వ్యాసం రాసి, సంస్కృతంలోకి ద్రావిడం నుంచి వెళ్ళిన మాటల జాబితా పెంచాడు. 1875లో కాల్డ్‌వెల్ రెండో కూర్పు వేసినప్పుడు గుండర్ట్ జాబితాని వాడుకున్నాడు. దక్షిణాది భాషలు ఎప్పుడూ పుచ్చుకోవడమే తప్ప ఇవ్వలేదు అనే నమ్మకం బలంగా ఉన్న రోజుల్లో ఆయన రెండో వైపు లెక్క కూడా చూపించాడు, అందుకే తెలుగువాళ్ళం కూడా ఆయనకి రుణపడి ఉన్నాం అంటాను.

మన సి.పి. బ్రౌన్ లాంటివాడు అనొచ్చా?

కొంతవరకే. బ్రౌన్ కంపెనీ ఉద్యోగి, సివిలియన్, మిషనరీ కాదు, సొంత డబ్బు పోసి పండితుల్ని పెట్టుకుని తాటాకులు సేకరించి కాపీలు తీయించాడు, ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. వాడుక మాటని, వేమన లాంటి జనం కవిని పైకి తేవడంలో ఇద్దరి చూపూ ఒకటే. భాషల మధ్య చుట్టరికం శాస్త్రీయంగా చూపించడంలో గుండర్ట్ ఇంకా ముందుకెళ్ళాడు, కావ్యాల పాఠాలు పరిష్కరించి ఒక సాహిత్యాన్నే నిలబెట్టడంలో బ్రౌన్ పని పెద్దది. ఎవరు గొప్ప అని పోటీ పెట్టడం అనవసరం.

## తిరిగి జర్మనీ

ఎందుకు వెళ్ళిపోయాడు? మళ్ళీ వచ్చాడా?

ఆరోగ్యం చెడి 1859లో వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. కాల్వ్ ఊళ్ళో ఒక క్రైస్తవ ప్రచురణ సంస్థ ఉండేది, 1862లో దాని బాధ్యత తీసుకుని చివరి వరకు అక్కడే. ఇండియా వదిలినా మలయాళం వదల్లేదు, డిక్షనరీ, పెంచిన వ్యాకరణం పూర్తయింది అక్కడే.

హెర్మన్ హెస్సే నిజంగా మనవడేనా? హెస్సే నవల సిద్ధార్థ ఈయన ప్రభావమేనా?

నిజంగానే కూతురి కొడుకు. తలశ్శేరిలో 1842లో పుట్టిన మేరీకి మొదటి భర్త చనిపోయాక, మంగళూరులో మిషనరీగా ఉండి వచ్చిన యోహానెస్ హెస్సేతో 1874లో పెళ్ళయింది, వాళ్ళ కొడుకు 1877లో కాల్వ్‌లో పుట్టాడు, 1946లో నోబెల్ వచ్చింది. తాత చనిపోయేటప్పటికి మనవడికి 15 దాటాయి, తాత చదివిన మౌల్‌బ్రోన్ స్కూల్లోనే చేరి అక్కడి నుంచి పారిపోయిన కుర్రాడు. ఇండియా వస్తువులు, పుస్తకాలు, ఎన్నో భాషలు వచ్చిన తాత ఉన్న ఆ ఇల్లు తన మీద ఎంత పనిచేసిందో హెస్సే తనే రాసుకున్నాడు. 1911లో ఇటువైపు ప్రయాణం కట్టి సిలోన్, సుమత్రా దాకా తిరిగాడు గానీ మలబారు గడ్డ మీద అడుగు పెట్టలేదు. 1922లో వచ్చిన సిద్ధార్థకి మూలం ఒక్క తాతే అనడం మాత్రం సరికాదు, హెస్సే సొంత చదువు, సొంత అశాంతి చాలా ఉంది అందులో.

## ఇప్పుడు చదవాలంటే

ఆయన పోగేసిన తాటాకులు ఏమయ్యాయి?

చాలా వరకు ట్యూబింగెన్ యూనివర్సిటీ లైబ్రరీకి చేరాయి. దశాబ్దాల పాటు ఎవరూ పట్టించుకోలేదు, 1980ల తర్వాత కేరళ, జర్మనీ పండితులు వెతికి తీసారు. పయ్యన్నూర్ పాట్టు అనే పాత కావ్యం అక్కడే దొరికింది, డిక్షనరీలో పేరు కనిపించడమే తప్ప పాఠం చేతికి రాని పుస్తకం అది. బ్రిటిష్ వాళ్ళతో పోరాడిన మలబారు రాజు పళశ్శి రాజా కాలం నాటి ఉత్తరాలు, తలశ్శేరి కంపెనీ కచేరీ కాయితాలు కూడా ఆ కట్టల్లోనే ఉన్నాయి. మన తాటాకులు విదేశాలకి వెళ్ళడం మీద బాధపడేవాళ్ళు ఉంటారు, నాకూ బాధే, అక్కడ ఉండబట్టే ఇవి మిగిలాయన్నది కూడా నిజమే.

మలయాళం రాదు, ఏం చదవగలను?

డిక్షనరీతో మొదలుపెట్టండి, అర్థాలు ఇంగ్లీషులో ఉంటాయి, మలయాళ మాట పక్కన ఉచ్చారణ రోమన్ అక్షరాల్లో ఉంటుంది కాబట్టి లిపి రాకపోయినా నడుస్తుంది. చికాగో యూనివర్సిటీ దక్షిణాసియా డిక్షనరీల సైట్లో ఫ్రీగా వెతుక్కోవచ్చు, మన బ్రౌన్ నిఘంటువు కూడా అక్కడే ఉంది. ఒక అచ్చ తెలుగు మాట తీసుకుని, దాని మలయాళ చుట్టాన్ని గుండర్ట్‌లో వెతికి చూడండి, ఒక గంట ఇట్టే గడిచిపోతుంది. అసలు పుస్తకాల స్కాన్లు, తాటాకుల ఫోటోలు ట్యూబింగెన్ లైబ్రరీ 2018లో తెరిచిన గుండర్ట్ పోర్టల్‌లో ఎవరైనా చూడొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు.

తలశ్శేరి వెళ్తే చూడ్డానికి ఏముంది?

ఇల్లిక్కున్ను బంగళా ఉంది, ఇప్పుడు మ్యూజియంగా మార్చారు. ఊళ్ళో ఆయన విగ్రహం ఉంది. వెళ్ళే ముందు మ్యూజియం టైమింగ్స్ ఒకసారి కనుక్కోండి. ఒకపూట మిగిలితే చొక్లి కూడా దగ్గరే, ఆయనకి అక్షరాలు దిద్దించిన గురువుల ఊరు అది.